యూనిట్ - 9: ఎపిక్ ఫాంటసీ నవలలు – అభిమానుల చర్చ, సాహిత్య విమర్శ

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• ఎపిక్ ఫాంటసీ నవలల మీద అభిమానులు చేసే చర్చల్లోని ప్రధాన రకాలను గుర్తించగలుగుతారు.
• ఊహకూ, ఆధారాల మీద నిలిచే సిద్ధాంతానికీ, విమర్శకూ మధ్య ఉన్న తేడాను ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• నవలలో మాయాశక్తికి పెట్టిన నియమాలు కథకు ఏ విధంగా ఉపయోగపడతాయో చెప్పగలుగుతారు.
• మీకు నచ్చిన నవల మీద ఒక విమర్శ ప్రశ్న వేసుకొని, పాఠ్యం ఆధారంగా సమాధానం రాయగలుగుతారు.

9.1 పరిచయం

చాలా ఏళ్ళ కిందట ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతిలో సాహిత్య విమర్శ పాఠం చెబుతున్నాను. చివరి వరుసలో కూర్చున్న ఒక విద్యార్థి లేచాడు. "సార్, ఒక నవల్లో ఒక పాత్రను ఎవరు చంపారో రచయిత చెప్పలేదు. నేను ఆ పుస్తకం నాలుగుసార్లు చదివి, ఎవరు చంపి ఉంటారో ఇరవై పేజీలు రాసుకున్నాను. ఇది విమర్శ కిందికి వస్తుందా?" అని అడిగాడు. ఏ నవల అన్నాను. మంత్రాలూ మాయలూ ఉన్న ఇంగ్లీషు నవల అన్నాడు. "అది కాలక్షేపమయ్యా, పరీక్షకు పనికొచ్చేది చూసుకో" అన్నాను. తరగతి నవ్వింది. అతను కూర్చున్నాడు. ఆ తరువాత ఆదివారాల్లో వచ్చాడు గానీ మళ్ళీ ప్రశ్న అడగలేదు.

పదవీ విరమణ చేశాక తీరిక దొరికి ఆ నవలలు చదివాను. చదువుతుంటే నా సిద్ధాంత గ్రంథం గుర్తుకొచ్చింది. ఒక ప్రబంధంలోని ఒకే ఒక పద్యానికి ఉన్న పాఠాంతరాల్లో కవి రాసింది ఏదై ఉంటుందో తేల్చడానికి అందులో నలభై పేజీలు ఖర్చు చేశాను. నాకు దానికి డాక్టరేటు వచ్చింది. ఆ విద్యార్థి చేసింది కూడా అటువంటి పనే. అతనికి తరగతిలో నవ్వు వచ్చింది.

ఈ యూనిట్ ఒక రకంగా అతనికి ఆలస్యంగా రాస్తున్న జవాబు. అయితే "అవును, అది విమర్శే" అని ఒక్క మాటలో ముగించడానికి వీల్లేదు. అభిమానుల చర్చలో విమర్శకు కావలసిన శ్రద్ధ ఉంది, జ్ఞాపకం ఉంది, ఆధారం కోసం వెతుకులాట ఉంది. ఆ చర్చ ఒకచోట ఆగిపోయే ప్రమాదమూ ఉంది. ఎక్కడ ఆగిపోతుంది, అక్కడి నుంచి ముందుకు వెళ్ళడం ఎలా అన్నదే ఈ యూనిట్‌లోని ప్రధానాంశం. మీలో చాలామంది ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఒంటరిగా చదువుకొనేవారు. ఇష్టంతో చదివిన పుస్తకం మీద మీకు కలిగే సందేహాలే మీ మొదటి తరగతి గది. వాటిని చిన్నచూపు చూడకూడదు.

9.2 కొన్ని మౌలిక భావనలు

తనదైన భూగోళం, చరిత్ర, భాషలు, మాయాశక్తులు గల కల్పిత ప్రపంచంలో విస్తారంగా నడిచే నవలలను ఎపిక్ ఫాంటసీ అంటారు. జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' 1954-55లో మూడు సంపుటాలుగా వెలువడింది. ఈ ప్రక్రియకు నేటి రూపం చాలావరకు దానితోనే ఏర్పడింది. తరువాత ఉర్సులా కె. లెగ్విన్, రాబర్ట్ జోర్డన్, జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్, బ్రాండన్ శాండర్సన్ వంటి రచయితలు దానిని అనేక దారుల్లో పెంచారు.

ఈ నవలల పాఠకులు మూడు విషయాలను ఎక్కువగా చర్చిస్తారు. ఒకటి, పాత్రలు: ఫలానావారు చేసింది తప్పా ఒప్పా? రెండు, సిద్ధాంతాలు: రచయిత చెప్పకుండా దాచింది ఏమిటి? మూడు, మాయా వ్యవస్థలు: ఈ లోకంలో మంత్రశక్తి ఏ నియమాల ప్రకారం పనిచేస్తుంది? అభిమానులంటే ఇచ్చింది పుచ్చుకొనే ప్రేక్షకులు మాత్రమే కారని, పాఠ్యం నుంచి తమ అర్థాలను తామే తయారుచేసుకొంటారని హెన్రీ జెన్కిన్స్ 1992లో 'టెక్స్చువల్ పోచర్స్' అనే గ్రంథంలో వాదించాడు. ఆ తరువాత అభిమానుల పఠనం విశ్వవిద్యాలయాల్లో అధ్యయన విషయమైంది.

ఈ చర్చలను పరిశీలించడానికి మన అలంకారశాస్త్రంలోని ఒక పనిముట్టును వాడుకొందాం. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం'లో ధ్వనిని వస్తుధ్వని, అలంకారధ్వని, రసధ్వని అని విభజించిన సంగతి మీరు ఇదివరకే చదివారు. వస్తుధ్వనిలో సూచితమయ్యేది ఒక విషయం. కావాలంటే ఆ విషయాన్ని మామూలు వాక్యంలో కూడా చెప్పవచ్చు. రసం అలా కాదు. దానిని పేరు పెట్టి చెప్పినంత మాత్రాన అది కలగదు, సూచన ద్వారానే అందుతుంది. ఈ తేడాను మనసులో పెట్టుకొని ముందుకు వెళదాం.

9.3 ఒక హత్య, పదిహేడేళ్ళ ప్రశ్న

నా విద్యార్థి అడిగిన నవల రాబర్ట్ జోర్డన్ 'ద వీల్ ఆఫ్ టైమ్' పరంపరలోనిది. ఈ పరంపర 1990లో మొదలై 2013లో పద్నాలుగో సంపుటంతో ముగిసింది. 1993లో వచ్చిన అయిదో సంపుటం 'ద ఫైర్స్ ఆఫ్ హెవెన్' చివర్లో అస్మోడియన్ అనే పాత్ర మద్యం కోసం వెతుకుతూ ఒక తలుపు తెరుస్తాడు. లోపల ఉన్న మనిషిని చూసి గుర్తుపట్టి నిర్ఘాంతపోతాడు. మరుక్షణంలో చనిపోతాడు. ఎవరిని చూశాడో రచయిత చెప్పలేదు.

పాఠకులు దీన్ని నిజమైన నేర పరిశోధనలాగా నడిపారు. ఆ సమయంలో ఆ నగరంలో ఉండగలిగినవారు ఎవరు? చంపవలసిన అవసరం ఎవరికి ఉంది? చంపగల శక్తి ఎవరికి ఉంది? అస్మోడియన్ చూడగానే గుర్తుపట్టగలిగేవారు ఎవరు? ఒక్కొక్క అనుమానితుణ్ణీ ఈ నాలుగు ప్రశ్నలతో వడపోశారు. నవలలో ఉన్న ఆధారాలను బట్టి జవాబు తట్టాలన్నట్టుగా జోర్డన్ మాట్లాడేవాడు. కథలో ముందు జరగబోయేది ఎవరైనా అడిగితే చదివి తెలుసుకోండి అనడం ఆయన అలవాటు. 2007లో ఆయన మరణించాడు. ఆయన భార్య, సంపాదకురాలు హేరియట్ మెక్‌డూగల్ ఎంపిక చేసిన బ్రాండన్ శాండర్సన్ ఆ పరంపరను పూర్తిచేశాడు. 2010లో వచ్చిన 'టవర్స్ ఆఫ్ మిడ్‌నైట్' చివరనున్న పదకోశంలో, గ్రేండల్ అనే పాత్రను పరిచయం చేసిన చోట, హంతకురాలు ఆమే అని తేలిపోయింది.

ఇప్పుడు మీరు గమనించవలసింది ఒకటి ఉంది. పదిహేడేళ్ళు నడిచిన ప్రశ్నకు జవాబు కథలో ఒక గొప్ప సన్నివేశంగా కాక, పదకోశంలో ఒక సమాచారంగా వచ్చింది. అలా రాగలిగింది, ఎందుకంటే అది సమాచారమే. మన పరిభాషలో చెప్పాలంటే అది వస్తుధ్వని. ఆ జవాబు తెలిశాక అస్మోడియన్ మనకు కొత్తగా కనిపించడు. గ్రేండల్ స్వభావం గురించి మనకు తెలియనిది పెద్దగా బయటపడదు. తాళం తెరుచుకొంది, గది ఖాళీగా ఉంది.

అంటే ఆ పదిహేడేళ్ళ శ్రమ వృథా అయినట్టా? కాదు. ఆ ప్రశ్న కోసం పాఠకులు వందల పేజీలను మళ్ళీ మళ్ళీ చదివారు. ఏ పాత్రకు ఏమి తెలుసు, ఎప్పుడు తెలిసింది అని వేరుచేసి చూడడం నేర్చుకొన్నారు. విమర్శకుడికి మొదట రావలసిన విద్య అదే. కాని విద్య వేరు, దాన్ని ప్రయోగించిన ప్రశ్న వేరు.

9.4 జాన్ స్నో తల్లి ఎవరు?

దీనికి పక్కన మరొక ప్రశ్నను పెట్టి చూడండి. జార్జ్ మార్టిన్ 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' 1996లో వచ్చింది. అందులో ఎడార్డ్ స్టార్క్ మాట తప్పని మనిషి. యుద్ధం నుంచి తిరిగి వస్తూ ఒక పసివాణ్ణి తెచ్చి, తన అక్రమ సంతానమని చెప్పి పెంచుతాడు. అతనే జాన్ స్నో. తల్లి ఎవరో భార్యకు కూడా చెప్పడు.

కొద్ది కాలానికే పాఠకులు ఒక సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. జాన్ ఎడార్డ్ కొడుకు కాదు. ఎడార్డ్ చెల్లెలు లియానాకూ, శత్రువంశపు యువరాజు రేగార్‌కూ పుట్టినవాడు. వారి ఆధారాలన్నీ నవలలోనివే. ఎడార్డ్ కలలో రాజు అంగరక్షకులు ముగ్గురు యుద్ధరంగంలో ఉండకుండా ఒక మారుమూల బురుజుకు కాపలా కాస్తుంటారు. లియానా మరణశయ్య తలచుకొన్నప్పుడల్లా రక్తం, గులాబీలు, తాను ఆమెకు ఇచ్చిన మాట ఎడార్డ్‌కు గుర్తుకొస్తాయి. ఆ మాట ఏమిటో మనకు చెప్పరు. రేగార్ ఒక పోటీలో లియానాకు నీలి గులాబీల కిరీటం ఇచ్చి ఉంటాడు. రెండో సంపుటంలో డెనేరిస్‌కు మంచుగోడలో పూచిన నీలిపువ్వు దర్శనమిస్తుంది. జాన్ కాపలా కాసేది మంచుగోడనే. నవలను టెలివిజన్ ధారావాహికగా తీయడానికి వచ్చిన ఇద్దరు నిర్మాతలను మార్టిన్ అడిగిన ప్రశ్న కూడా ఇదేనని, తమ జవాబు ఆయనకు నచ్చిందని వారే చెప్పారు. ఆ ధారావాహిక 2016లో ఈ సిద్ధాంతాన్ని నిజం చేసింది.

జవాబు తెలిసింది కదా, ఇక్కడ కూడా ప్రశ్న ముగిసిపోయిందా? లేదు. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. సత్యసంధుడని పేరున్న మనిషి ఏళ్ళ తరబడి ఒకే అబద్ధాన్ని మోశాడు. చెల్లెలికిచ్చిన మాట కోసం తన పరువును పణంగా పెట్టాడు, భార్య మనసు నొప్పించాడు. ఏ తప్పూ చేయని పిల్లవాడిని అవమానాల మధ్య పెరగనిచ్చాడు. మాట నిలబెట్టుకోవడానికి అబద్ధమాడవలసి వస్తే అది ధర్మమా? ఈ ప్రశ్నకు పదకోశంలో జవాబు ఇవ్వడం సాధ్యం కాదు. వస్తువుగా మొదలైన సూచన కరుణ దాకా వెళ్ళింది.

కాబట్టి ఒక సిద్ధాంతాన్ని తూచడానికి "ఇది నిజమా కాదా" అన్నది ఒక్కటే కొలత కాదు. "ఇది నిజమైతే నేను చదివిన పుటల్లో ఏవి మారతాయి?" అని అడగండి. జవాబు తెలిశాక కూడా మిగిలి ఉండే ప్రశ్నే సాహిత్య ప్రశ్న.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
గమనిక: మీ సమాధానాన్ని అయిదు వాక్యాల్లో రాయండి.
అస్మోడియన్ హత్య గురించిన ప్రశ్నకూ, జాన్ స్నో పుట్టుక గురించిన ప్రశ్నకూ ప్రధానమైన తేడా ఏమిటి?

9.5 బాల్రాగ్ రెక్కలు: ఉపమా, వర్ణనా?

కొన్ని చర్చలు పైకి నవ్వు తెప్పిస్తాయి. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' మొదటి సంపుటంలో మోరియా గుహల్లో ఎదురయ్యే బాల్రాగ్ అనే భూతానికి రెక్కలు ఉన్నాయా, లేవా అన్నది అటువంటి చర్చ. దశాబ్దాలుగా పాఠకులు దీని మీద రెండు పక్షాలుగా వాదించుకొంటున్నారు.

వివాదమంతా రెండు వాక్యాల్లో ఉంది. మొదట బాల్రాగ్ చుట్టూ ఉన్న నీడ రెండు పెద్ద రెక్కలలాగా చాచుకొన్నదని టోల్కీన్ రాశాడు. కొద్దిసేపటికి, దాని రెక్కలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకొన్నాయని రాశాడు. రెండోసారి 'లాగా' అన్న మాట లేదు. మొదటి వాక్యంలో ఉన్న ఉపమే రెండోదానిలో రూపకంగా బలపడిందని ఒక పక్షం అంటుంది. రెండోది నేరుగా చేసిన వర్ణన, రెక్కలు ఉన్నట్టే అని మరొక పక్షం అంటుంది. రెక్కలుంటే వంతెన విరిగినప్పుడు ఎగరకుండా అగాధంలో ఎందుకు పడిందని మొదటి పక్షం ఎదురు ప్రశ్న వేస్తుంది.

ఉపమావాచకం ఉండటం, లేకపోవడం గురించి మీరు అలంకారాల పాఠంలో నేర్చుకొన్నదే ఇక్కడ ప్రాణం పోసుకొంది. అయితే ఈ చర్చ కూడా ఉంది, లేదు అన్నచోట ఆగిపోతే నష్టం. నీడ మొదట రెక్కలను పోలి ఉంది, తరువాత రెక్కలే అయింది. అంటే గాండాల్ఫ్ వంతెన మీద ఒంటరిగా నిలబడిన ఆ క్షణంలో చూసేవారి భయం పెరిగేకొద్దీ పోలిక గట్టిపడి వస్తువుగా మారింది. అస్పష్టతే అక్కడ భయానకాన్ని పోషిస్తోంది. రెక్కలు లెక్కపెట్టగలిగితే భయం సగం తగ్గుతుంది.

రచయితకు కూడా ఈ సంగతి తెలుసు. అదే నవలలో టామ్ బాంబడిల్ ఎవరో, ఏ జాతివాడో చివరిదాకా తేలదు. కొన్ని చిక్కుముడులు విప్పకుండా ఉండటమే మేలని, బాంబడిల్‌ను కావాలనే అలా ఉంచానని అర్థం వచ్చేటట్టు టోల్కీన్ 1954లో ఒక ఉత్తరంలో రాశాడు.

9.6 మాయా వ్యవస్థలు: నియమం, పరిమితి, అర్థం

మాయ పేరుతో ఏదైనా జరిపించవచ్చు అనుకొంటే కథలో ఉత్కంఠ మిగలదు. అందుకే ఈ నవలల పాఠకులు మాయాశక్తి నియమాలను చాలా పట్టింపుగా చర్చిస్తారు. దీనిపై బ్రాండన్ శాండర్సన్ 2007లో ఒక సూత్రం ప్రతిపాదించాడు. దాని సారాంశం ఇది: పాఠకుడికి మాయ ఎంత బాగా అర్థమైతే, కథలోని చిక్కును మాయతో పరిష్కరించే హక్కు రచయితకు అంత ఉంటుంది. శక్తుల కంటే వాటి పరిమితులే ముఖ్యమని ఆయన తరువాత మరొక సూత్రం చేర్చాడు.

ఆయన నవల 'మిస్ట్‌బోర్న్' (2006) దీనికి ఉదాహరణ. అందులో కొందరు లోహాలను మింగి, లోపల 'మండించి' శక్తి పొందుతారు. తగరంతో ఇంద్రియాలు చురుకెక్కుతాయి. ఉక్కుతో బయటి లోహాన్ని నెట్టవచ్చు, ఇనుముతో లాగవచ్చు. నెట్టిన వస్తువు తేలికైతే అది ఎగిరిపోతుంది, కదలనిదైతే నెట్టిన మనిషే వెనక్కి ఎగిరిపడతాడు. భౌతికశాస్త్రం తెలిసిన పాఠకుడు పోరాట సన్నివేశాన్ని లెక్కగట్టి చూడగలడు. రచయిత మోసం చేస్తే పట్టుకోగలడు. దీన్ని నియమబద్ధమైన మాయ అనవచ్చు. గాండాల్ఫ్ మాయ అటువంటిది కాదు. అతని శక్తి ఎంతో, హద్దు ఎక్కడో మనకు తెలియదు. ఆ తెలియకపోవడంలోనే అద్భుతరసం ఉంది.

పరిమితి అన్న భావన మనకు కొత్త కాదు. భారతంలో కర్ణుడు కవచకుండలాలు ఇచ్చి ఇంద్రుడి నుంచి శక్తి అనే ఆయుధాన్ని పొందుతాడు. దాన్ని ఒక్కసారే ప్రయోగించగలడు. అర్జునుడి కోసం దాచుకొంటాడు. రాత్రియుద్ధంలో ఘటోత్కచుడి మీద వాడవలసి వస్తుంది. భారతం ఫాంటసీ నవల కాదు, దాన్ని చదివే దృష్టి వేరు. అయినా 'ఒక్కసారే' అన్న చిన్న షరతు ఎంత విషాదాన్ని మోయగలదో అక్కడ చూడండి.

ఇక్కడే అభిమానుల చర్చ మరొక మెట్టు ఎక్కాలి. నియమం పొందికగా ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఆ నియమానికి అర్థం ఏమిటన్నది రెండోది. లెగ్విన్ 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' (1968)లో మాయకు ఒకే మూలం: దేని నిజమైన పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది. గెడ్ అనే యువ మాంత్రికుడు గర్వంతో ఒక ఛాయను లోకంలోకి వదిలి, దానికి భయపడి పారిపోతాడు. చివరకు తానే దాన్ని వెంటాడి, ఎదుట నిలిచి, పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పేరు గెడ్. అతని పేరే. నియమం ఏమీ తప్పలేదు. పాఠకుడు ముందే నేర్చుకొన్న నియమం ప్రకారమే కథ ముగిసింది. అయితే అది చెబుతున్నది మంత్రశాస్త్రం కాదు. తనలోని చీకటి తనదేనని ఒప్పుకోనిదే మనిషి పూర్తి కాడన్న మాట. నియమమే ధ్వని అయింది.

9.7 పాత్రలు: తీర్పు నుంచి అవగాహనకు

పాత్రల చర్చ తరచుగా తీర్పుగా మారుతుంది. ఉంగరాన్ని నాశనం చేయడానికి అన్ని కష్టాలుపడి అగ్నిపర్వతం చేరిన ఫ్రోడో, చివరి క్షణంలో ఆ ఉంగరం నాదే అంటాడు. గొల్లమ్ అతని వేలు కొరికి ఉంగరం లాక్కొని, ఆనందంతో గెంతుతూ అగ్నిలో పడటం వల్ల పని పూర్తవుతుంది. మరి ఫ్రోడో ఓడిపోయాడా? టోల్కీన్ తన ఉత్తరాల్లో దీనికి జవాబు చెప్పాడు. ఆ క్షణాన ఆ ఒత్తిడిని ఎవరూ తట్టుకోలేరు, ఫ్రోడో తన శక్తినంతా అప్పటికే ఖర్చుపెట్టాడు కనుక అది నైతిక పతనం కాదన్నది ఆయన అభిప్రాయం.

రచయిత మాటతో చర్చ ముగించాలా? కృతి అర్థానికి రచయిత ఉద్దేశం కొలబద్ద కాదని విమ్‌సాట్, బియర్డ్‌స్లీ 1946లోనే వాదించారు. అభిమానులు సాధారణంగా దీనికి వ్యతిరేకం. వారికి రచయిత మాటే తుది తీర్పు. మీరు మధ్యమార్గం పట్టవచ్చు. టోల్కీన్ మాటను ఒక మంచి పాఠకుడి మాటగా వినండి, ఆపైన నవలలోకి తిరిగి వెళ్ళండి. మొదట బిల్బో, తరువాత ఫ్రోడో గొల్లమ్‌ను చంపగలిగి కూడా జాలితో వదిలేశారు. ఆ జాలి లేకపోతే చివరి క్షణంలో గొల్లమ్ అక్కడ ఉండడు. అంటే ఫ్రోడో బలం ఓడిన చోట అతని దయ గెలిచింది. "ఓడాడా, గెలిచాడా" అన్న ప్రశ్న కంటే "ఏది ఓడింది, ఏది గెలిచింది" అన్న ప్రశ్న మనల్ని నవల లోపలికి తీసుకువెళ్ళింది.

9.8 సారాంశం

ఎపిక్ ఫాంటసీ అభిమానుల చర్చలో నిశితమైన పఠనం ఉంది. దానిని కాలక్షేపమని తోసిపుచ్చడం పొరపాటు. ఆ పొరపాటు నేను చేశాను. అయితే ఆ చర్చ దాచిన విషయాన్ని కనిపెట్టడంతో తృప్తిపడితే, జవాబు దొరికిన రోజే పుస్తకం మూతపడుతుంది. అస్మోడియన్ ప్రశ్న ముగిసింది. ఎడార్డ్ అబద్ధం, బాల్రాగ్ నీడ, గెడ్ పేరు, ఫ్రోడో దయ ఇంకా మనల్ని ఆలోచింపజేస్తున్నాయి.

ఆ విద్యార్థి ఈ యూనిట్ చదువుతాడో లేదో తెలియదు. చదివితే అతనికి చెప్పవలసింది ఇదే: నువ్వు రాసుకొన్న ఇరవై పేజీలు విమర్శకు పునాది. ఎవరు చంపారో తేల్చావు. ఇరవై ఒకటో పేజీలో, ఆ సంగతి తెలిస్తే ఏమవుతుందో రాయి. మీలో ప్రతి ఒక్కరూ ఇష్టంగా చదివిన పుస్తకం విషయంలో అదే పని చేయవచ్చు.

9.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ముప్పై పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అభిమానుల సిద్ధాంతాలను వస్తుధ్వని, రసధ్వని భావనల ఆధారంగా విశ్లేషించండి.
2. మాయా వ్యవస్థలో నియమానికి ఉండవలసిన పొందికనూ, అర్థాన్నీ రెండు నవలలతో పోల్చి చర్చించండి.

II. కింది ప్రశ్నలకు పది పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. బాల్రాగ్ రెక్కల వివాదంలో ఉపమావాచకం పాత్ర ఏమిటి?
2. రచయిత మాట విమర్శలో తుది తీర్పు అవుతుందా? ఫ్రోడో ఉదాహరణతో వివరించండి.

III. అభ్యాసం
మీరు ఇష్టంగా చదివిన ఏదైనా ఒక కథ లేదా నవల తీసుకోండి. అందులో రచయిత చెప్పకుండా వదిలిన ఒక విషయాన్ని గుర్తించి, మీ జవాబును పాఠ్యంలోని మూడు ఆధారాలతో నిరూపించండి. ఆ తరువాత, మీ జవాబు నిజమైతే కథలో ఏమి మారుతుందో ఒక పేజీ రాయండి. రెండో భాగం రాయడం కష్టమైతే ప్రశ్నను మార్చి మళ్ళీ ప్రయత్నించండి.